మోటుపల్లి శాసనము – నేటి ఓడరేవులు



రజతోత్సవ సభలో ఓడరేవులను గూర్చి మాటలాడెదనని నేను చెప్పగా కొందరు మిత్రులు నవ్విరి. ఏటూరునాగారమునకును సముద్రమునకును పొత్తేమని వారి సందేహము. మన ప్రక్కనే పారు గోదావరి పోవునది సముద్రమునకే గదా! అంతకన్న దగ్గర సంబంధము మన మిరప. ఈ గట్టున పండిన తేజ మిరప ఏనుమాముల మార్కెట్టుకు పోవును. మన దేశపు మిరపను కొను దేశములలో చీనా ముందువరుసనున్నది. ఓడరేవులోని ఖర్చు తుదకు రైతు ధరలోనే తేలును.

ఓరుగల్లు ప్రభువులకు ఈ సంగతి తెలియును. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వారి రేవు. అచ్చట గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. అంతకు పూర్వపు రాజులు, గాలివానకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమిని లాగుకొనెడివారు. ప్రాణమునకు తెగించి సముద్రముపై వచ్చిన వర్తకునినుండి నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గొనబోమని గణపతిదేవుడు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక పాలు సుంకము. చందనమునకింత, ముత్యములకింత, చీని కర్పూరమునకింత అని పట్టిక. దాదాపు 780 ఏండ్ల క్రిందటనే చీనా పేరుగల సరకు మన రేవున, మన షరతులపై దిగినది! 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల అభయమిచ్చెను.

ఇక నేటి మాట. ఇప్పుడు చీనా కంపెనీలు సరకుతో వచ్చుటయేగాక, ఇతర దేశముల రేవులనే దీర్ఘకాలపు కౌలుకు తీసికొనుచున్నవి. గ్రీసు దేశమున పిరేయస్ రేవులో కాస్కో అను చీనా ప్రభుత్వ సంస్థ 2016లో నూటికి 51 పాళ్లు కొని, 2021లో 67కు పెంచుకొన్నది. ఆ రేవున వ్యాపారము వృద్ధిపొందిన మాట నిజము; దానిని దాచనక్కరలేదు.

మనకు చేరువ సింహళము. అచ్చట హంబన్‌తోట రేవు చీనా ఋణముతో కట్టబడి 2010లో తెరువబడినది. ఓడలు చాలినన్ని రాలేదు. 2017లో చైనా మర్చంట్స్ అను సంస్థ 112 కోట్ల డాలర్లకు దానిని 99 ఏండ్ల కౌలుకు గొన్నది. అప్పు తీర్చలేక రేవును ధారవోసిరని పలువురు చెప్పుదురు. అది సరికాదు. ఆ సొమ్ము విదేశీ మారకపు నిల్వలకు చేరినది. రేవు కట్టిన అప్పు అట్లే యున్నది. నాకు ఇదియే ఎక్కువ బాధాకరముగా తోచును: రేవును పోయినది, అప్పును మిగిలినది. కౌలు గడువు 2116 వరకు. 2022 ఆగస్టులో యువాన్ వాంగ్ 5 అను చీనా పరిశోధక నౌక మన ప్రభుత్వపు ఆందోళనను లెక్కసేయక ఆ రేవుననే ఆగెను.

కొలంబోలో 2013లో తెరువబడిన లోతైన సరకుపెట్టెల రేవుకట్టయందును ఆ సంస్థకే నూటికి 85 పాళ్లు కలవు. మన దేశపు పెట్టెలు ఎన్నో కొలంబోలో ఓడ మారుచుండును. పెద్ద ఓడలకు తగిన లోతుగల రేవులను మనము ఆలస్యముగా కట్టుకొన్నందుకు ఫలితమిది. పొరుగువానిని నిందించి లాభమేమి?

కంపెనీ పరదేశిదైనప్పుడే ప్రశ్నలడుగవలెనని నేననను. ఆంధ్రతీరమున కృష్ణపట్నము, గంగవరము రేవులు 2021 నాటికి అదానీ సంస్థ చేతికి వచ్చినవి. స్వదేశపు కంపెనీయే, అయినను సుంకమెంత, గడువెంత, గడువు తీరినపుడు రేవెవరిది అని అడుగుట మన హక్కు. గణపతిదేవుడు తన పట్టికను తెలుగులో చెక్కించి రేవుననే నిలిపెను. నేటి ఒప్పందములు ఎన్ని పుటలో! మనలో చదివినవారెవరు?

కార్యదర్శిగారికి ఒక మనవి. ఆ శాసనపు సుంకపట్టికను పెద్ద అక్షరములతో అట్టపై వ్రాయించి, పత్రికల బల్ల ఎదుట గోడకు తగిలింపుడు. మిరప అమ్మి వచ్చినవారు ఏనుమాముల చీటీని చేతబట్టుకొని దానిని చదువుకొందురు.