వాళ్ళ కాగితాలే వాళ్ళ మీద సాక్ష్యం



హిట్లర్ ఎట్లా వచ్చాడని అడిగితే చాలామంది రెండు మాటలు చెప్తారు. జనమే ఓట్లేసి తెచ్చుకున్నారని ఒకటి, ఉపన్యాసాలతో అందర్నీ మోసం చేశాడని ఇంకోటి. ఇవి ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే అప్పటి అసలు కాగితాలే చదవాలి.

మొదటి కాగితం 1920 ఫిబ్రవరి 24న మ్యూనిక్‌లో ప్రకటించిన నాజీ పార్టీ 25 అంశాల కార్యక్రమం. జర్మన్ రక్తం ఉన్నవాళ్ళే పౌరులని, యూదులు కాలేరని నాలుగో అంశంలోనే రాశారు. ఇందులో దాచిందేముంది? అధికారానికి 13 ఏళ్ళ ముందే చెప్పారు.

పదిహేడో అంశం చూడండి. భూసంస్కరణ తెస్తాం, భూముల మీద వ్యాపారం ఆపుతాం, ప్రజల అవసరానికి పరిహారం లేకుండానే భూమి తీసుకుంటాం అన్నారు. పేద రైతుకి ఆశ పుడుతుంది. కానీ 1928 ఏప్రిల్ 13న హిట్లర్ దానికి ఒక వివరణ చేర్చాడు. మా పార్టీ సొంత ఆస్తిని ఒప్పుకుంటుంది, ఈ అంశం ముఖ్యంగా యూదుల భూవ్యాపార కంపెనీల మీదనే అని. భూస్వామికి భరోసా దొరికింది. రైతుకి భూమి బదులు ఒక శత్రువు దొరికాడు.

రెండోది ఓట్ల లెక్క. 1928లో నాజీలకు 2.6 శాతం. ఆర్థిక సంక్షోభం వచ్చాక 1930లో 18.3, 1932 జులైలో 37.3. అదే ఏడాది నవంబర్‌లో 33.1కి పడిపోయింది. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ సగం రాలేదు.

మరి గద్దె ఎట్లా దక్కింది? మూడో కాగితం, 1932 నవంబర్ 19 నాటి ఉత్తరం, కొంత చెప్తుంది. ప్రభుత్వాన్ని హిట్లర్‌కి అప్పగించమని పారిశ్రామికవేత్తలు, బ్యాంకర్లు, పెద్ద భూస్వాములు కొందరు అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ని కోరారు. ఆ ఉత్తరం ఒక్కటే పని చేసిందని కాదు. కానీ ఎవరు కోరుకున్నారో సంతకాలు చెప్తున్నాయి. 1933 జనవరి 30న హిండెన్‌బర్గ్ అతన్ని ఛాన్సలర్‌గా నియమించాడు.

నాలుగోది 1933 ఫిబ్రవరి 28 ఆర్డినెన్స్. ముందురోజు రాత్రే పార్లమెంటు భవనం తగలబడింది. కమ్యూనిస్టుల హింసను ఆపడానికే ఇది అని పైన రాశారు. కింద చదివితే మాట, పత్రిక, సభ, సంఘం, ఉత్తరాల గోప్యత, అన్ని హక్కులూ రద్దు. అదీ, మళ్ళీ చెప్పేదాకా. ఆ మాట 1945 దాకా రానేలేదు.

మార్చి 23న పార్లమెంటే తన చట్టాలు చేసే అధికారాన్ని మంత్రివర్గానికి రాసిచ్చింది. అనుకూలం 444, వ్యతిరేకం 94. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లు. కమ్యూనిస్టు సభ్యుల్ని అసలు లోపలికే రానివ్వలేదు. లెక్కలో కనపడని ఆ పేర్లని కూడా మనం చదవాలి.

అందుకే ఏ కాగితం పట్టుకున్నా ఇవి అడగండి: తేదీ ఏంటి? సంతకం ఎవరిది? పైన రాసిన పేరుకీ కింద ఉన్న పనికీ పొత్తు కుదిరిందా? తర్వాత ఏం మార్చారు? ఎవరు ఇందులో లేరు? కాగితం కూడా అబద్ధం ఆడుతుంది కాబట్టి ఒకదాని పక్కన ఇంకోటి పెట్టి చూడాలి.

1945లో న్యూరెంబర్గ్ కోర్టులో ప్రాసిక్యూటర్లు చేసింది అదే. నాజీలు రాసి దాచుకున్న ఫైళ్ళనే వాళ్ళ ముందు పరిచారు. అవి ఇవాళ ఇంగ్లీషులో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎవరో చెప్పిన హిట్లర్ కథ దగ్గరే ఆగిపోకండి. నలుగురు కూర్చోండి, ఒక్క కాగితం తీయండి, గట్టిగా చదవండి.