సైనిక శిక్షణలో నాయకుని స్థానము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు వత్సరములుగా నిడమనూరున విద్యాదీపమును ఆరనీయక కాపాడిన ఈ గ్రంథాలయ రజతోత్సవమున మాటాడు భాగ్యము నాకు కలిగించినందులకు కృతజ్ఞుడను. సైనిక శిక్షణను గూర్చి గ్రంథాలయ సభలో ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ పఠనమందిరమున ఉద్యోగ ప్రకటనలు చూచుకొను యువకులలో కొందరు తెల్లవారకమునుపే సాగరు ఎడమ కాలువ కట్టపై పరుగిడువారు. సైన్యమున చేరవలెనని వారి కోరిక. వారికొఱకును, వారిని పెంచిన పెద్దలకొఱకును ఈ నాలుగు మాటలు.

సైన్య నియామక పరీక్షలలో 1600 మీటర్ల పరుగు ముఖ్యమైనది. దానిని 5 నిమిషముల 30 సెకండ్లలో ముగించినవారికి పూర్తి మార్కులు లభించును. కడ్డీని పట్టి వ్రేలాడుచు గడ్డము కడ్డీని దాటునట్లు పదిమారులు పైకి లేచినవారికి అందును పూర్తి మార్కులు లభించును. తొమ్మిది అడుగుల గుంటను దుమికి దాటవలెను. ఇందు నెగ్గి ఎంపికయైనవారు శిక్షణ కేంద్రములకు పోవుదురు. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటరు, సికిందరాబాదులోని ఇ.ఎం.ఇ. సెంటరు అట్టివే. అచ్చట శిక్షకుని ‘ఉస్తాద్’ అని పిలుతురు. ఆ ఉస్తాద్ యొక్క మాటయు, నడతయు శిష్యుని సామర్థ్యమును పెంచునా, తగ్గించునా యనునది నేడు మనము విచారింపవలసిన విషయము.

ఈడెన్, షాని యను పండితులు ఇజ్రాయేలు సైన్యమున జరిపిన ఒక పరిశోధనను 1982లో ప్రకటించిరి. 105 మంది శిక్షణార్థులు. పదునైదు వారముల శిక్షణ. కొందరు మిక్కిలి సమర్థులనియు, కొందరు సామాన్యులనియు, తక్కినవారి సంగతి ఇంకను తేలలేదనియు శిక్షకులకు చెప్పిరి. నిజమునకు ఆ విభజన చీట్లు తీసి పంచినట్టిదే. అయినను శిక్షణాంతమున, సమర్థులని పేరు పడినవారు యుద్ధతంత్రమునందును, ఆయుధ ప్రయోగమునందును హెచ్చు మార్కులు పొందిరి. వారే తమ శిక్షకుని నాయకత్వమును గూడ హెచ్చుగా మెచ్చుకొనిరి. అనగా శిక్షకుడు తానెరుగకయే వారియెడ మంచి నాయకుడైనాడు. ‘వీడు చేయగలడు’ అని నమ్మినవాడు ఓపికతో నేర్పును, తప్పును దిద్దును, మరియొక అవకాశమిచ్చును.

ఇక ఆత్మవిశ్వాసము ఎక్కడనుండి పుట్టును? బండూరా యను మనోవిజ్ఞాని 1977లో నాలుగు మూలములు చెప్పినాడు. మొదటిది, అన్నిటికంటె బలమైనది, స్వయముగా సాధించిన విజయము. రెండవది, తనవంటివాడు సాధించుట కన్నులార చూచుట. మూడవది, గౌరవింపదగినవాని ప్రోత్సాహము. నాలుగవది, తన దేహస్థితిని తాను అర్థము చేసికొను విధము. మూడవ చుట్టులో గుండె దడదడలాడగా ఒకడు ‘నా పని ముగిసినది’ అని ఆగును. వేరొకడు ‘ఇది పరుగు లక్షణమే’ అని సాగును. ఈ భేదమును తెలియజెప్పువాడే గురువు.

కావున వట్టి పొగడ్తవలన విశ్వాసము కలుగదు. ఏడు నిమిషములు పట్టువానికి ఈ నెలలో ఆరున్నర, పై నెలలో ఆరుంబావు అని మెట్లు కట్టి, ప్రతి మెట్టును వానిచేతనే ఎక్కింపవలెను. విశ్వాసమునకు హద్దును కలదు. కొత్తవానిచే ఒక్కసారిగా పరుగు పెంచినచో ముంగాలి ఎముక చిట్లుననుట సైనిక వైద్యులెరిగిన సంగతి. మన వేసవి యెండలో వడదెబ్బ ప్రాణమునే తీయగలదు. ఎప్పుడు ‘పద’ అనవలెనో, ఎప్పుడు ‘నిలు’ అనవలెనో తెలియనివాడు ఎంత బిగ్గరగా అరచినను నాయకుడు కాజాలడు.

ఉత్తమ నాయకుడు ఎట్లుండునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. మన పొరుగున సూర్యాపేటలో పుట్టి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన కర్నల్ బిక్కుమల్ల సంతోష్ బాబు 16వ బీహారు పటాలమునకు అధిపతియైనాడు. 2020 జూన్ 15న గాల్వాన్ లోయలో తన సైనికుల ముందు నిలిచి పోరాడి అసువులు బాసినాడు. ఆనాడు ఇరువదిమంది మన వీరులు నేలకొరగిరి. ప్రభుత్వము 2021లో ఆయనకు మరణానంతరము మహావీర చక్రము ప్రకటించినది. 1932లో దేహరాదూన్ సైనిక విద్యాలయ ప్రారంభ సభలో చెట్‌వుడ్ సేనాని, అధికారికి దేశక్షేమము మొదటిది, తన సైనికుల క్షేమము రెండవది, తన సుఖము చిట్టచివరిది యని బోధించెను. ఆ క్రమమును మన పొరుగువాడు ప్రాణమిచ్చి పాటించినాడు. ‘పొండు’ అను ఆజ్ఞకును, ‘రండు’ అను పిలుపునకును గల తేడాను సైనికుని కాలు ఎరుగును.

అయ్యలారా! మన పిల్లవాడు శిక్షణ కేంద్రమును చూచుటకు ముందే మన మాటలు వింటున్నాడు. ఒకసారి పరుగులో తప్పి వచ్చినవానిని ‘వీడికెక్కడి పటాలము’ అని రచ్చబండకడ నవ్వుట మన గ్రామములలో అరుదు కాదు. సైన్యమున చేరుటకు వయఃపరిమితి కలదు. మన పరిహాసముతో పోయిన ఏడాది వానికి తిరిగి రాదు.

నాదొక మనవి. ఈ గ్రంథాలయమున యువకుల పరుగు కాలములు వారము వారము వ్రాసికొనుటకు ఒక పుస్తకముంచుడు. నిన్నటి తనతో నేటి తనను పోల్చుకొను అవకాశము ప్రతివానికి కలుగును. పదవీ విరమణ చేసిన జవానులు ఈ ప్రాంతమున నున్నచో, వారానికొక ఉదయము కాలువ కట్టకు వచ్చి వీరితో నాలుగడుగులు నడువవలెనని ప్రార్థింపుడు. ఆడపిల్లలును ఆ వరుసలో ఉండవలెను. 2022లో మొదలైన అగ్నిపథ్ పథకమున సైనిక పోలీసు విభాగమున వారికిని ప్రవేశము కలదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును సైతము చూడవలెనని కోరుచు విరమించుచున్నాను.