రెండో భాగాలు – ఖాళీ కుర్చీలు

(నెక్కొండలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్న ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు ఏదైనా తేలికైన విషయం మాట్లాడమన్నారు. అందుకని సినిమా గురించి మాట్లాడతాను. అది తేలికైన విషయమో కాదో మీరే చెప్పాలి.

2024లో, మే 17 నుంచి పది రోజులపాటు తెలంగాణలో సింగిల్ స్క్రీన్ థియేటర్లలో ఆటలు నిలిపివేయాలని యజమానులు నిర్ణయించారు. ఎన్నికలని, క్రికెట్ పోటీలని, పెద్ద సినిమాలు లేవని కారణాలు చెప్పారు. ఆట వేస్తే వచ్చే డబ్బు ఖర్చులకు కూడా చాలడం లేదన్నారు. మన వయసులో ఎండాకాలం సెలవులంటే సినిమా హాలు వాళ్లకు పంట చేతికొచ్చే కాలం. ఆ రోజుల్లోనే తలుపులు మూసుకోవలసి వచ్చిందంటే ఆలోచించవలసిన సంగతే.

జనానికి సినిమా మీద మోజు తీరిపోయిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అదే సంవత్సరం డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప’ రెండో భాగం ముందస్తు ఆటలకు టికెట్టు మీద 800 రూపాయలు పెంచుకోవడానికి అనుమతి ఇస్తే, అంత ధర పెట్టి కూడా జనం ఎగబడ్డారు. హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్ రోడ్డులో ఆ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. (ఆ సినిమా మొదటి భాగం విడుదలైంది 2021 డిసెంబరు 17న, అంటే మన పెన్షనర్ల దినోత్సవం నాడే. ఆ రోజు మన సభకు ఎందరు వచ్చారో గుర్తు చేసుకోండి.) ఏడాదికి రెండు మూడు సినిమాలకు తొక్కిసలాట, మిగతా రోజులంతా ఈగలు తోలుకోవడం. ఇదీ ఇప్పటి పరిస్థితి.

రెండో భాగాలు తీయడమే తప్పని కూడా నేననను. మనందరికీ ఇష్టమైన ‘లవకుశ’ ఏమిటి? ఉత్తర రామాయణం. రామాయణానికి అది రెండో భాగమే కదా! పైగా ఆ కథను సి. పుల్లయ్య గారు 1934లోనే ఒకసారి తీశారు. మళ్లీ రంగుల్లో మొదలుపెట్టి ఆయన అనారోగ్యం పాలైతే కుమారుడు సి.ఎస్. రావు గారు పూర్తి చేశారు. 1963లో విడుదలైంది. అప్పుడు నాకు పన్నెండేండ్లు. కథ తెలియనివాడు ఊళ్లో ఒక్కడు లేడు. అయినా ముసలీ ముతకా బండ్లు కట్టుకొని పోయి చూసి, కండ్లు తుడుచుకుంటూ తిరిగివచ్చారు. కాబట్టి తెలిసిన కథ అనేది అడ్డం కాదు. రెండో భాగానికి తనదైన దుఃఖం ఒకటి ఉండాలి. సీతమ్మ అడవి పాలైన దుఃఖం మొదటి భాగంలో లేదు.

ఇప్పుడు జరుగుతున్నది అది కాదు. పాత ఫైలుకు కొత్త అట్ట వేసి, కొత్త నంబరిచ్చి పైకి పంపినట్టుంది. 1993లో ‘మనీ’ వచ్చింది. ఖాన్ దాదాగా బ్రహ్మానందం గారిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. 1995లో ‘మనీ మనీ’ వచ్చింది, బాగానే ఉంది. పదహారేండ్ల తరువాత, 2011లో మూడోది వచ్చింది. అది గుర్తున్నవారు చేయెత్తండి. ఎవరూ లేరు చూశారా!

నాకు ఎక్కువ బాధ కలిగించింది ‘భారతీయుడు’. 1996లో అది వచ్చినప్పుడు మనలో చాలామందిమి సర్వీసులో ఉన్నాం. లంచం ఇవ్వనందుకు సేనాపతి కన్నకూతురు చచ్చిపోతుంది. లంచం తీసుకొని బ్రేకులు లేని బస్సుకు సర్టిఫికెట్ ఇచ్చినవాడు ఆయన కన్నకొడుకు. ఆ కొడుకునే తండ్రి శిక్షిస్తాడు. మరునాడు ఆఫీసులో మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కొన్నాళ్లపాటు బల్ల కింద చేయి చాపడానికి కొందరు వెనుకాడారు కూడా. ఒక సినిమా అంత పని చేసింది.

2024 జూలై 12న రెండో భాగం వచ్చింది. దర్శకుడు ఆ శంకరే, నటుడు ఆ కమల్ హాసనే. సేనాపతి వయసు నూరు దాటింది. మన సంఘం సభ్యుడైతే అదనపు క్వాంటం పెన్షన్‌కు దరఖాస్తు పెట్టించేవాళ్లం! నూరేండ్లవాడు కొట్లాడటాన్ని నేను తప్పుపట్టను, సినిమా అంటే అంతే. కాని మొదటి భాగంలో పాపం ఇంట్లో ఉంది. రెండో దాంట్లో ఎక్కడెక్కడి దుర్మార్గులో వరుసగా వస్తారు, వాళ్లతో మనకు చుట్టరికం లేదు. విడుదలైన తరువాత నిడివి కత్తిరించవలసి వచ్చింది. చివరకు మూడో భాగం తునకలు చూపించి పంపారు. పెండ్లికి పిలిచి, భోజనాలు వచ్చే పెండ్లిలో అన్నట్టు!

అభిమాని కోపం ఇక్కడే. మొదటి భాగాన్ని అతడు సొంత ఆస్తిగా దాచుకుంటాడు. దాని మీద మచ్చ పడితే ఓర్చుకోలేడు. ఆ అభిమానే 2022 చివరి రోజున 2001 నాటి ‘ఖుషి’ మళ్లీ వేస్తే హాలు నింపాడు. ‘బాహుబలి’కి రెండేండ్లు ఓపికగా ఎదురుచూశాడు. ఎందుకంటే అది ఒకే కథ, మధ్యలో ముడి వేసి ఆపారు, తరువాత విప్పారు.

ఇక ఖర్చు. నేను ‘భారతీయుడు’ రెండో భాగానికి పోదామంటే మా మనుమడు, “తాతా, నెల దినాలు ఆగు, ఇంట్లనే వస్తది” అన్నాడు. ఆగస్టు 9న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. సరిగ్గా 28 రోజులు. వాడి లెక్క తప్పలేదు. టికెట్టు మీద పన్ను కూడా చూడండి: 2025 సెప్టెంబరు 22 నుంచి నూరు రూపాయల వరకు 5 శాతం, ఆపైన 18 శాతం. తగ్గించారు, సంతోషం. నూరు లోపు టికెట్టు ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవాలి. లోపల మక్కపేలాల ధర టికెట్టును దాటుతున్నది.

నెక్కొండలో రైలెక్కి వరంగల్‌లో మ్యాట్నీ చూసి రాత్రి బండికి తిరిగి వచ్చిన వాళ్లం ఈ సభలో చాలామందిమి ఉన్నాం. ఆ హాళ్ల గేటు దగ్గర టికెట్టు చింపిన మనిషి, బుకింగ్‌లో కూర్చున్న మనిషి, ఆపరేటరు – వాళ్లకు కమ్యుటేషన్ లేదు, ఫ్యామిలీ పెన్షన్ లేదు. ఆట పడితేనే పొయ్యి వెలుగుతుంది. పెద్ద హీరో మూడో భాగం ఎప్పుడు తీస్తాడో వాళ్లు ఎంతకాలమని ఎదురుచూస్తారు?

అందుచేత నాదొక ప్రతిపాదన. వచ్చే నెల ఒక పనిదినాన ముప్పై మందిమి కలిసి మార్నింగ్ షోకు పోదాం. హాలు ఎలాగూ ఖాళీగానే ఉంటుంది, ధర తగ్గించమని అడుగుదాం. మెట్లు ఎక్కలేనివారికి కిందనే కుర్చీలు అడుగుదాం. సినిమా ఏదైనా సరే, పేరు చివర రెండు అనే అంకె లేకుంటే చాలు. వచ్చేవారు కార్యదర్శి గారి దగ్గర పేర్లు రాయించండి. సెలవు.