ఱాతి చుట్టిల్లు



గ్రామపెద్దలారా! ప్రతి గ్రామమునందును 'పాడు' అను విశేషణము తగిలించి చెప్పుకొను చోటొకటి యుండును. పాడుదిబ్బ యనియో, పాడునుయ్యి యనియో, పాడుగుడి యనియో దానికిఁ బేరు. పగలు పశువులు, రాత్రి గుడ్లగూబలు తప్ప నచ్చటికిఁ బోవువా రుండరు. అట్టి చోటులందును మనుష్యుఁడు కళను నిలిపినాఁడు. అందులకు నిదర్శనములను వెదకుటకు దూరదేశములకుఁ బోనక్కఱలేదు. మన తెలుఁగునాఁటనే యున్నవానిలో మూఁటిని నేఁడు మీకు విన్నవించెదను.

ఏలూరు జిల్లాలోఁ గామవరపుకోటకు సమీపమున గుంటుపల్లి కొండ కలదు. క్రీస్తునకుఁ బూర్వము రెండవ శతాబ్ది ప్రాంతమున బౌద్ధభిక్షువు లచ్చట నివాస మేర్పఱచుకొని, ఇసుకఱాతిలో గుహలు తొలిపించుకొనిరి. ఎండ వానలనుండి తలదాఁచుకొనుటయే ప్రయోజనమైనచో అందు వింత లేదు. ఎలుఁగుబంటియు గుహలోనే తలదాఁచుకొనును. కాని యా గుహలలో నొకటి గుండ్రని చైత్యము. నడుమ ఱాతి స్తూపము, దానిచుట్టును బ్రదక్షిణమునకుఁ ద్రోవ. తలయెత్తి చూచినచోఁ గప్పునుండి చుట్టును వంగి దిగుచున్న వాసములు కనఁబడును. అవియుఁ గొండలోఁ జెక్కినవే.

నేను ఉపాధ్యాయుఁడనై యుండఁగా నొకసారి విద్యార్థులను వెంటఁబెట్టుకొని యా కొండ యెక్కితిని. తాటియాకు టింటఁ బెరిగిన బాలుఁడొకఁడు పైకిఁ జూచి, "పంతులు గారూ, కొండే కప్పయినప్పుడు వాసాలెందుకండీ? అవి లేకపోయినా కూలదు గదా!" అని యడిగెను. నాకు వెంటనే యుత్తరము తోఁపలేదు. పుస్తకములలో దారుశిల్పానుకరణమని వ్రాసియున్నారని చెప్పితిని. అది పేరు చెప్పుటయే కాని యుత్తరము చెప్పుట కాదు.

పిమ్మట నాలోచింపఁగా నాకుఁ దోఁచిన దిది. వాసములు వంచి, గుండ్రముగా నిలిపి, తాటియాకు కప్పిన చుట్టిండ్లను మీలోఁ బెద్దవారు చూచియే యుందురు. ఆ శిల్పి యెఱిఁగిన యిల్లును అట్టిదే. భిక్షువులు ఇల్లు విడిచి వచ్చినవారు. ఉలి పట్టినవాఁడు సంసారి. నిర్జనమైన కొండలోఁ గూర్చుండి అతఁడు తనయూరి చుట్టింటినే ఱాతిలోఁ గట్టినాఁడు. ఆ కొండమీఁది యొక స్తంభశాసనము మఱియొక సంగతి చెప్పును. మహామేఘవాహన వంశీయుఁడగు సిరిసదుఁడను రాజునొద్ద లేఖకుఁడుగా నున్న చుళగోముఁ డచ్చట నొక మండపమును దానమిచ్చినాఁడు. రాజులే కాదు, వ్రాఁతకాండ్రును ఆ కొండకుఁ దమవంతు నర్పించిరన్నమాట.

కాలక్రమమున భిక్షువులు పోయిరి. కొండ పాడుపడెను. అప్పుడు చుట్టుపట్ల పల్లెలవారు గుహలోని స్తూపమును జూచి, ధర్మలింగేశ్వరుఁడని పేరిడి కొలువసాగిరి. పండితుఁడు స్తూపమనును, పల్లెవాఁడు లింగమనును. పేరు తప్పని మనము నవ్వఁగూడదు. అమరావతి స్తూపమునకుఁ బట్టిన గతి మీ రెఱుఁగుదురు. 18వ శతాబ్ది చివర దాని ఱాళ్లు త్రవ్వి క్రొత్త కట్టడములకుఁ దరలించిరి. గుంటుపల్లి స్తూపము నిలిచియుండుటకు ఱాతి గట్టితనముతోఁబాటు ఆ పల్లెవారి నమస్కారమును గారణమని నా నమ్మకము.

భిక్షువులు తమంతఁ దాము కోరి కఠినస్థలమున కేఁగిరి. కోరకయే యట్టిచోటఁ బడినవాఁడు కంచెర్ల గోపన్న. పాల్వంచ పరగణాకుఁ దహశీలుదారై, భద్రాచలమున రామునికి గుడి కట్టించి, సర్కారు పైకము వ్యయపఱచెనను నేరమునకుఁ దానీషా కాలమున గోలకొండ చెఱసాలలోఁ బడెను. చీఁకటి కొట్టు వంటి యా గదిలో, గోడకుఁ జెక్కిన రామ లక్ష్మణ హనుమంతుల రూపములు నేఁడును జూపుదురు. అవి యతఁడు స్వయముగాఁ జెక్కినవే యని జనుల విశ్వాసము. అతని కీర్తనలు మాత్రము మన భజనమందిరములలో నేఁటికిని మ్రోఁగుచున్నవి. 1687లో గోలకొండ మొగలాయీల వశమైనది. రాజమందిరములు కప్పులు కూలి మొండిగోడలై నిలిచినవి. చూడఁబోవువారు ఆ మందిరములలో గాలికిఁ దిరిగి, చెఱసాలకు వచ్చినపుడు మాత్రము చేతులు జోడింతురు. రాజు కట్టించిన దానికంటె ఖైదీ నిలిపినదే జనుల మనస్సునఁ జిరకాలము నిలిచినది.

మూఁడవ నిదర్శనము మన ముంగిటనే యున్నది. అంబాజీపేట మండలమున మొసలపల్లి జగ్గన్నతోట మీకుఁ గ్రొత్త కాదు. అచ్చట గుడి లేదు, గోపురము లేదు, ధ్వజస్తంభమును లేదు. ఏఁడాది పొడుగున నది వట్టి కొబ్బరితోట. కనుమనాఁడు పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలమీఁద వేంచేయుదురు. వ్యాఘ్రేశ్వరము, ఇరుసుమండ, వక్కలంక, ముక్కామల, పాలగుమ్మి మొదలగు గ్రామములవారు వెదురు వంచి, రంగువస్త్రములు కట్టి, నూలుదారములు చుట్టి, పూలదండలు వ్రేలాడఁదీసి, ఒక్కొక్క ప్రభను జిత్రపటమువలెఁ దీర్చుదురు. గంగలకుఱ్ఱువారి ప్రభలు కౌశిక నీటిలో దిగి దాఁటవలెను. పచ్చని వరిచేలు త్రొక్కుచుఁ బోవలెను. ఐనను జేనుగలవాఁడు కోపింపఁడు. తన చేను పావనమైనదని సంతోషించును. 2023 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్ర శకటముగాఁ జూపఁబడినది ఈ ప్రభలతీర్థమే. మఱునాఁటికి మాత్రము జగ్గన్నతోట మరల వట్టి కొబ్బరితోటయే. వెదురు విప్పుదురు, వస్త్రములు మడుతురు. కాని యా తోటను బాడుచోటని యెవ్వఁడైన ననఁగలఁడా?

ఈ మూఁటివలన నాకుఁ దెలిసిన దొక్కటియే. పాడు అనునది స్థలమున కంటిన దోషము కాదు. మనుష్యుఁడు చేయి విడిచిన దోషము. 1996 నవంబరు 6వ తేదీ తుపానులోఁ గోనసీమ కొబ్బరితోటలు నేలఁగూలినప్పుడు, మరల మొక్క నాటి కాపునకై యేండ్లకొలఁది కనిపెట్టుకొని యున్నవారు మీలోఁ గలరు. చేయి విడువకుండుట యన నేమో మీకు నేను జెప్పవలసిన పని లేదు.

ఐనను, పెద్దలారా, ఒక్క మనవి. మన గ్రామములలోఁ గూలిన చావడులు, మూఁతపడిన బడులు, బిడ్డలు పట్టణములకుఁ బోఁగాఁ దాళము పడిన యిండ్లు నేఁడు కలవు. కూటికిఁ గరవైనచోట చిత్రములేల యని కొంద ఱందురు. నేను ధనము వ్యయము చేయుఁ డనుట లేదు. పండుగనాఁడు మీ యూరి పిల్లలను అచ్చటికిఁ దోడ్కొని పొండు. ఊడ్పించి ముగ్గు పెట్టింపుఁడు. అది యెవరు కట్టినదో, అందెవరు పాఠము చెప్పిరో, ఎవరి తగవు అచ్చటఁ దీఱినదో చెప్పుఁడు. ఆ సంగతు లెఱిఁగినవారు మీరే. మీ తరువాతఁ జెప్పువా రుండరు.

ఆ బాలుని ప్రశ్నకు నాఁడు చెప్పలేని యుత్తరము నేఁడు చెప్పి ముగించెదను. నాయనా, నీవన్నది నిజమే. వాసములు లేకున్నను ఆ గుహ కూలదు. కాని యది గుహగానే మిగిలిపోవును, ఇల్లు కాదు.

సెలవు.