ఏరు పారితేనే వాలుగ

(మైలవరం రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతుల సభలో చేపల మాట ఎందుకంటారేమో. పెన్న నీళ్ళు మన పైరుకెంత అవసరమో, వాలుగకూ జెల్లకూ అంతే.

ఇవి పొలుసు లేని మీసాల చేపలు. బురద నీళ్ళలో మీసాలతోనే మేత పసిగడతాయి. వానాకాలపు వరద తగిలితే వాలుగ ఎదురీది, గడ్డి మునిగిన పల్లాల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల ఎదగాలంటే ఆ నీళ్ళు కొన్ని వారాలు నిలవాలి.

మరి ఇక్కడేమవుతోంది? పైన గండికోట, కింద మైలవరం. చేప ఆనకట్ట ఎక్కలేదు. గేట్లెత్తితే ఒక్కసారిగా వరద, దించితే ఇసుక మేట. గుడ్లు ఒడ్డునే ఎండిపోతాయి. ఒడ్డు తవ్వి ఇసుక తోలుకుంటే గుడ్లు పెట్టే పల్లమే మిగలదు. ఏరు ఎండితే మన బోర్లూ ఎండుతాయి.

వాలుగ ఇప్పటికే అంతర్జాతీయంగా ముప్పున్న జాతుల జాబితాకెక్కింది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మాత్రం మురికి నీళ్ళలోనూ బతికి, మన చేపపిల్లల్ని మింగేస్తుంది. 2000లో కేంద్రం నిషేధించింది. 2019లో హరిత ట్రిబ్యునల్ కూడా దాని పెంపకం ఆపమంది. చెరువు గట్టు తెగితే అది ఏట్లో పడుతుంది, తర్వాత ఏరివేయలేం.

అందుకే మనం అడిగేవి ఇవీ:

గేట్లు ఒక్కసారిగా దించకుండా నీటిని మెల్లగా తగ్గించాలి.

ఏటి ఒడ్డున ఇసుక తవ్వకం ఆపాలి.

గుడ్లు పెట్టే నెలల్లో సన్నకన్ను వలలు ఆపాలి. సముద్రంలో వేట నిషేధానికి భృతి ఇస్తున్నట్టే, ఏటి జాలర్లకూ ఇవ్వాలి. వాళ్ళ కడుపు కొట్టి చేపను కాపాడమనడం న్యాయం కాదు.

రైతూ జాలరీ కలిసి అడిగితేనే ఏటికి నీళ్ళొస్తాయి. పదండి, కలిసే అడుగుదాం.