మంచులో ఇద్దరు ‘పెద్దలు’

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నయాగరా జలపాతం గురించి ఇదివరకే ముగ్గురు చెప్పారు గనుక దాని జోలికి పోను. 2022 జనవరిలో మినియాపొలిస్ శివారులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు పరిచయమైన ఒక కుర్రవాడి సంగతి చెబుతాను.

అక్కడ కొన్ని రోజులు తెల్లవారేసరికి చలి సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉంటుంది. ఊపిరి పీలిస్తే ముక్కులో తడి గడ్డకట్టి చురుక్కుమంటుంది. అమ్మాయీ అల్లుడూ పనిలో ఉంటే నేను కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు మీద ఒక్క మనిషైనా కనబడతాడేమోనని చూసేవాణ్ణి. ఒకనాడు ఇద్దరు కుర్రాళ్లు తలుపు తట్టారు. తెల్ల చొక్కా, టై, పైన పెద్ద కోటు, ఛాతీ మీద నల్లటి పేరుబిళ్ల. మార్మన్ చర్చి మిషనరీలు.

“బాబూ, నేను మతం మారే వయసు ఎప్పుడో దాటిపోయాను” అన్నాను.

“ఫరవాలేదు సర్. మీ వాకిట్లో మంచు తీయమంటారా?” అన్నారు. ఎవరు కాదంటారు!

అప్పటినుంచి వారానికి రెండుసార్లు వచ్చేవారు. కోవిడ్ రోజులు గనుక గరాజులో దూరదూరంగా కుర్చీలు వేసి కూర్చోబెట్టేవాణ్ణి. కాఫీ ఇస్తానంటే వద్దన్నారు. టీ కూడా తాగరట. మన ఇళ్లల్లో వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వకుండా ఎలా పంపుతాం? చివరికి పసుపు వేసిన వేడిపాల దగ్గర రాజీ కుదిరింది.

వాళ్లను పేరు పెట్టి పిలవకూడదు, ‘ఎల్డర్’ అనాలి. అంటే పెద్ద. పందొమ్మిదేళ్లవాడు పెద్ద! మనకు డెబ్భై వస్తున్నా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. ఉద్యోగం రెండేళ్లు. జీతం లేదు, టి.ఏ., డి.ఏ. అసలే లేవు. పైగా నెలనెలా ఖర్చు వాళ్లో, ఇంటివాళ్లో కట్టుకోవాలి. ఆరున్నరకు లేవాలి, పదిన్నరకు దీపం ఆర్పాలి. ఈ మధ్యలో వ్యాయామం, చదువు, ఇళ్ల చుట్టూ తిరగడం. సినిమాలు లేవు. ఎక్కడికైనా ఇద్దరూ కలిసే వెళ్లాలి. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఫోను చేయడం సోమవారం నాడు. ఆ వారానికో ఫోను కూడా 2019లో వచ్చిన వెసులుబాటే. అంతకుముందు ఏడాదికి రెండుసార్లేనట. మన ట్రంకు కాల్స్ కాలమే నయం. ఆరు వారాలకోసారి బదిలీ రావచ్చు, ఆపమని అర్జీ పెట్టుకునే ఆఫీసు లేదు!

ఇద్దరిలో ఒకడు అమెరికా కుర్రాడే, మంచు తెలిసినవాడు. రెండోవాడు న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి వచ్చాడు. వాళ్లకు జనవరి ఎండాకాలం. అసలు వాళ్లది టోంగా దీవులు. పన్నెండేళ్లు వచ్చేదాకా నాయనమ్మ దగ్గర పెరిగాడు. ఆవిడ ఇంకా అక్కడే ఒంటరిగా ఉంటున్నది.

జనవరి 15న టోంగా దగ్గర సముద్రంలో అగ్నిపర్వతం బద్దలైంది. ఉప్పెన వచ్చింది. ఫిజీకి వెళ్లే సముద్రపు కేబుల్ తెగిపోయింది. బయటి ప్రపంచంతో ఉన్న కేబుల్ అదొక్కటే. సోమవారం ఆక్లండ్‌కు ఫోను చేస్తే, నాయనమ్మ ఫోను పలకడం లేదని తండ్రి చెప్పాడట. మంగళవారం యథాప్రకారం మా ఇంటికి వచ్చి పార పట్టుకున్నాడు. నేను టెలిఫోన్లవాణ్ణని తెలుసు గనుక, “సర్, లైను తెగితే మనుషులు క్షేమమనే అనుకోవచ్చా?” అని అడిగాడు.

నాకు వెంటనే నోరు పెగల్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను విజయవాడ ట్రంకు ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్ని. అవనిగడ్డ వైపు లైన్లన్నీ పోయాయి. ఊరుగాని ఊళ్లో ఉద్యోగం చేసే ఒకాయన గంటగంటకూ కాల్ అడిగేవాడు. “స్తంభాలు పడ్డాయండీ, అంతే. మీవాళ్లకేం కాదు” అన్నాను. ఓదార్పనుకున్నాను. నాలుగో రోజున ఆయన ఎక్స్‌ఛేంజి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇంట్లో ఎవరూ మిగల్లేదని పక్కవాళ్లు చెప్పారు. నేను వెనక గుమ్మంలోంచి ఇంటికి వెళ్లిపోయాను. నలభై అయిదేళ్లుగా ఈ మాట మా ఇంట్లో కూడా చెప్పలేదు.

అందుకని ఆ కుర్రవాడితో, “అది నేను చెప్పలేను బాబూ. కేబుల్ సంగతి చెబుతాను” అన్నాను. అట్టపెట్టె మీద బొమ్మ గీశాను. తోటకు నీళ్లు పట్టే గొట్టమంత లావున ఉంటుంది, లోపల వెంట్రుకల్లాంటి గాజు పోగులు. బాగుచేసే ఓడ పాపువా న్యూగినీలో ఉంది. అది రావాలి, కొక్కెంతో కేబుల్‌ను పైకి లాగాలి, పోగులు అతకాలి. వారాలు పడుతుంది. ఈలోగా ఉపగ్రహం మీద కొద్ది లైన్లు ఇస్తారు, వాటి కోసం ఊరంతా కాచుకుంటుంది. “కాబట్టి రేపటికీ ఎల్లుండికీ ఫోను రాకపోయినా, దానివల్ల ఏదీ తేల్చుకోవద్దు” అన్నాను.

తల ఊపి మళ్లీ మంచు తీశాడు. తీసిన చోటే మళ్లీ తీస్తున్నాడు. రెండోవాడు ఏమీ అనలేదు, పక్కనే ఉండి తానూ తీశాడు. తరువాత ఇద్దరూ పాలు తాగి పక్కింటికి వెళ్లారు.

ఆ తరువాతి మంగళవారం వాకిట్లోకి వస్తూనే చెయ్యి ఎత్తి ఊపాడు. ఉపగ్రహం లైను మీద రెండు నిమిషాలు దొరికిందట. నాయనమ్మ క్షేమం. వాననీటి తొట్టిలో బూడిద పడి తాగడానికి నీళ్లు లేవని, వీడు చలికి చెవులు కప్పుకుంటున్నాడో లేదో అడగమని కొడుకుతో చెప్పిందట. నాకు గొంతు పట్టేసింది. పాలు పొంగిపోతున్నాయని లోపలికి వెళ్లాను.

కేబుల్ ఫిబ్రవరి 22న బాగయింది. ఆ వార్త చూపిద్దామని ఎదురు చూశాను. అప్పటికే అతనికి బదిలీ అయింది. అమెరికా కుర్రాడు కొత్త జతగాడితో వచ్చాడు. వాడూ కాఫీ వద్దన్నాడు.