రిజిస్టరు నుంచి డెస్కు దాకా

నవంబర్ 20న ప్రపంచమంతటా హింసకు బలైన ట్రాన్స్‌జెండర్లను తలుచుకుంటారు. ఆ జ్ఞాపకార్థం గచ్చిబౌలిలో మాట్లాడమన్నారు కాబట్టి, పోలీసులకూ హిజ్రాలకూ మధ్య నడిచిన కథే చెబుతాను.

ఫసలీ 1329లో, అంటే 1919లో, నిజాం ప్రభుత్వం హిజ్రాల మీద ఒక చట్టం చేసింది. బ్రిటిష్‌వాళ్లు 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టమే దానికి మాతృక. పిల్లల్ని ఎత్తుకుపోతారని అనుమానం వస్తే చాలు, పేరూ నివాసమూ రిజిస్టరుకెక్కేవి. అలా పేరెక్కిన మనిషి చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడినా, ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. చీర కట్టుకున్నందుకు!

నిజాం పాలన పోయింది. రాజ్యాంగం వచ్చింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. ట్రాన్స్‌జెండర్లకు రాజ్యాంగ హక్కులన్నీ ఉన్నాయని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో చెప్పాక కూడా కదల్లేదు. 2018లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి హైకోర్టు తలుపు తట్టారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం ఆ నిజాం నాటి చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది, ఆసరా పింఛను వీళ్లకూ ఇవ్వమంది. పింఛను మాట నాకు ముఖ్యం. సిగ్నల్ దగ్గర కారు అద్దం దించి ఇచ్చే పది రూపాయలు ఇచ్చేవారి ఇష్టం. పింఛను అలా కాదు, రాకపోతే నిలదీసి అడగొచ్చు.

అంతకు రెండేళ్ల ముందే, 2021 మార్చిలో, సైబరాబాద్ పోలీసులు ఇదే గచ్చిబౌలి స్టేషన్‌లో ట్రాన్స్‌జెండర్ డెస్కు తెరిచారు. ఒక పోలీసు అధికారి, పక్కనే ఆ సముదాయం నుంచే ఒక సమన్వయకర్త. అనుమానితులుగా పేరెక్కినవాళ్ల వారసులు ఫిర్యాదుదారులుగా స్టేషన్ మెట్లెక్కడం చిన్న మార్పు కాదు. అయితే ఆ ఫిర్యాదు ఎంతదూరం పోతుంది? 2019 నాటి ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం కింద వాళ్లపై లైంగిక దాడి చేసినవాడికి గరిష్ఠ శిక్ష రెండేళ్లే. నూరేళ్ల కిందట చీరకు వేసిన శిక్ష ఎంతో, దాడికీ అంతే. నాకు కడుపు మండేది ఇక్కడే.

ఇక వైద్యం సంగతి. దాతల సాయాన్ని నేను తక్కువ చేయను. 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం నారాయణగూడలో మొదలైన మిత్ర్ క్లినిక్‌లో ఎవరూ వేలెత్తి చూపకుండా హార్మోన్ చికిత్స, కౌన్సెలింగ్ దొరికాయి. 2025 ఆరంభంలో అమెరికా యూఎస్‌ఎయిడ్ నిధులు ఆపేసింది, క్లినిక్ మూతపడింది. తర్వాత టాటా ట్రస్టుల సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. మధ్యలో ఆ నెలలు చికిత్స నడుస్తున్నవాళ్లు ఎక్కడికి పోవాలి? ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఈ చికిత్స మామూలు ఓపీ చీటీ మీద దొరకాలి. ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది అది.

ఐటీ కంపెనీల పెద్దలు ఈ సభలో ఉన్నారు. మీకూ ఒక మాట. జూన్‌లో మీ ఆఫీసుల్లో ఇంద్రధనుస్సు తోరణాలు చూసి సంతోషించాను. కానీ ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి పదో తరగతి మెమోలో అబ్బాయి పేరుంటే, వెరిఫికేషన్‌లో ఆమె ఫైలు ఆగిపోకూడదు. కలెక్టరు ఇచ్చిన గుర్తింపు పత్రం ఆమె చేతిలో ఉంది, దాన్ని చూడండి. కొండాపూర్‌లో, మాదాపూర్‌లో ఫ్లాట్లున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఉద్యోగం వచ్చాక ఆమె మీ టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తుంది. ఇల్లు ఇవ్వండి.